షుగరు ఎలుకలూ మా ఆయన కళ్లూ

షుగరు ఎలుకను గుర్తుపట్టడానికి రక్తం తీయనక్కర్లేదు, పెట్టె అడుగు చూస్తే చాలు. మామూలు ఎలుకల పెట్టెలో మొక్కజొన్న బెండు పొట్టు పరిస్తే మూడు నాలుగు రోజులు పొడిగా ఉంటుంది. షుగరు ఎలుకల పెట్టెలో ఈ పొద్దున పరిస్తే రేపు పొద్దుటికి ముద్ద. నీళ్ల సీసా ఖాళీ. తాగడం, పోయడం, మళ్లీ తాగడం, అదే వాటి పని. తిండి కూడా మిగతావాటికంటే ఎక్కువే తింటాయి, అయినా పట్టుకుంటే వెన్నెముక వేలికి తగులుతుంది.

బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో పన్నెండేళ్లు నేను ఎలుకల గదిలో పనిచేశాను. ఊడవడానికి చేరాను, తర్వాత పెట్టెలు మార్చే పని ఇచ్చారు. చేరేనాటికి నాకు నలభై ఎనిమిదేళ్లు. ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. ప్రతి పెట్టెకూ ముందు ఒక చీటీ తగిలిస్తారు. ఏ జాతి, ఆడా మగా, ఎప్పుడు పుట్టింది, ఏ సూది వేశారు, ఎవరి ప్రయోగం, అన్నీ దాని మీదే. కొన్నాళ్లు చీటీ రంగులు చూసి నెట్టుకొచ్చాను. రంగులు అయిపోయాయి, పెట్టెలు మిగిలాయి. ఇక తప్పక ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను. కన్నడం బస్సు బోర్డుల మీద వచ్చింది. తెలుగు అన్నిటికంటే చివర, మా కోడలి దగ్గర. ఆమెది మదనపల్లె. పుట్టినప్పటినుంచి మాట్లాడుతున్న భాష రాయడం ఆఖరున వచ్చింది. కాబట్టి ఇందులో ఒత్తులు తప్పితే ఎవరూ నవ్వొద్దు. నవ్వినా నాకేం పట్టదు.

మా ఆయనకు మడివాళ మార్కెట్లో ఆకుకూరల అంగడి. కొత్తిమీర, పుదీనా, మెంతికూర, కరివేపాకు. పొద్దున ఐదింటికి మూటలు దిగుతాయి. విప్పి, పండుటాకు ఏరి, పిడికిలికొక కట్ట కట్టి పేర్చాలి. ఆ పనిలో ఆయన్ను మించినవాడు ఆ వరసలో లేడు. కట్టలో ఒక్క పసుపు ఆకు ఉన్నా చెయ్యి ఆగిపోయేది. ఆయనకు షుగరు వచ్చి పదేళ్లు అయింది. మాత్రలు వేసుకున్ననాడు వేసుకున్నాడు, లేనినాడు లేదు. షుగరు గురించి అడిగితే నవ్వేవాడు. కన్ను చూపించుకోమంటే మాత్రం కోపం వచ్చేది.

కన్ను చూపించుకోమని నేను ఎందుకు పట్టుబట్టానో చెప్పాలి.

మా దగ్గర ఒక పరిశోధన విద్యార్థిని ఉండేది. వరంగల్ వైపు అమ్మాయి, బ్రూక్‌ఫీల్డ్‌లో అక్క ఇంట్లో ఉండి వచ్చిపోయేది. నన్ను ఆంటీ అనేది, నేను పాపా అనేదాన్ని. ఆమె పనంతా షుగరు ఎలుకల కళ్ల మీద. నల్ల ఎలుకలకు ఐదు రోజులు వరసగా ఒక సూది వేస్తారు. ఆ మందు కడుపులో ఇన్సులిన్ చేసే భాగాన్ని చంపేస్తుంది. వారం పది రోజులకు ఎలుకకు షుగరు వస్తుంది. ఇక అక్కడినుంచి కొన్ని వారాలకోసారి కళ్లు పరీక్ష చేస్తుంది. చీకటి గది, చిన్న ఎర్రలైటు. మత్తిచ్చిన ఎలుకను పడుకోబెట్టి, కంటికి వెంట్రుకలాంటి తీగ ఆనించి, తటాలున వెలుతురు వేస్తుంది. కన్ను ఎంత తొందరగా జవాబిచ్చిందో పక్కన తెర మీద గీతగా వస్తుంది. ఎలుకను తెచ్చేది నేను, వెచ్చటి గుడ్డలో చుట్టి తిరిగి పెట్టెలో పెట్టేది నేను.

ఒకరోజు ఆ గీత చూసి ఆమె, "స్లో అయింది ఆంటీ, అప్పుడే స్లో అయింది," అంది. సంతోషమో బాధో తెలియని గొంతు.

"గుడ్డిదయిందా పాపా?"

"లేదు. బాగానే కనిపిస్తది. మత్తు దిగినంక గింజ పెట్టండి, ఠక్కున పట్టుకుంటది. కానీ లోపల స్టార్ట్ అయిపోయింది."

నాకు అది మింగుడు పడలేదు. కనిపిస్తూ ఉంటే చెడేదేమిటి? ఆమె నన్ను మైక్రోస్కోపు దగ్గరకు తీసుకుపోయింది. ఇంతకుముందు చంపిన ఎలుక కంటిపొర అద్దం మీద పరిచి ఉంది. నాలుగు వైపులా కోసి పరిస్తే నాలుగు రేకుల పువ్వులా ఉంటుంది. అందులో ఎర్రటి దారాల్లా రక్తనాళాలు.

"ఈ నాళాల గోడకు అతుక్కొని కాపలా ఉన్నట్టు కొన్ని కణాలుంటయ్ ఆంటీ. షుగరొస్తే ముందు అవి రాలిపోతయ్. ఇగో ఇక్కడ ఉండాలె, లేవు. తర్వాత గోడ కారుతది. అప్పటికి కూడా మనిషికి ఏం తెల్వదు."

"మనిషికీ ఇంతేనా?"

"మనిషికి ఇంకా మెల్లగా. ఏండ్లు పడుతది. తెలిసేసరికి లేటయిపోతది. అందుకే బాగా కనపడుతున్నప్పుడే సంవత్సరానికోసారి చూపించుకోమంటరు."

నేను మైక్రోస్కోపులోనుంచి తల ఎత్తలేదు. ఆ పువ్వులో నాకు మా ఆయన కన్నే కనిపించింది. పదేళ్లు. ఒక్కసారి కూడా చూపించలేదు.

ఇంటికి వచ్చి చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు రాదు. "నీ కండ్లు లోపల చెడిపోతా ఉంటాయి, రేపు ఆసుపత్రికి పోదాం లే," అన్నాను.

ఆయన వాకిట్లో అన్నం ముందు కూర్చొని ఉన్నాడు. "సుమ్నె, గమ్మున తిననీ మే," అన్నాడు. "ఆ మూల తిరుగుతా ఉండే బస్సు నంబరు చెప్పనా? నీకు కనపడ్తాందా అది?"

నాకు కనబడలేదు. ఆయన చెప్పాడు. బస్సు దగ్గరికి వచ్చాక చూస్తే సరిగ్గా అదే నంబరు.

"ఇంగేమి? నీ కండ్లు చూపించుకో పో."

"ఎలుకకూ కనపడ్తాంది అయ్యా. కనపడ్తాండంగానే లోపల చెడిపోతాది."

"ఎలుకతో పోలుస్తావా నన్ను? నీ ఎలుకలకు ఏసీ ఉండాది, నాకు ఫ్యానే తిరగదు. వాటికి ఉండే డాక్టర్లు నాకు లేరు. వాటి రోగం వాటిది, నా రోగం నాది."

ఇట్లా నెల రోజులు జరిగింది. చుట్టుపక్కల వాళ్లు చెప్పినా, కొడుకు చెప్పినా అదే మాట. ఆయన భయం నాకు తెలుసు. వాళ్ల నాయనకు చివర్లో చూపు పోయింది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకొని ఎవరొచ్చినా గొంతును బట్టి పేరు అడిగేవాడు. మా ఆయన నోటితో ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇంతలో ఎవరో వర్తూరు చెరువు దగ్గర ఒక నాటి మందు ఆయన, నాటువైద్యుడు, ఉన్నాడని చెప్పారు. నేరేడు గింజలు, పొడపత్రాకు, కాకర గింజలు ఎండబెట్టి కొట్టిన పొడి. పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా. ఆకుపచ్చ కలిసిన మట్టి రంగు. నాలుక మీద పెడితే చెవుల దాకా చేదు. మా ఆయనకు అది బాగా నచ్చింది. చేదుగా ఉంది కాబట్టి పనిచేస్తుందని నమ్మకం.

"దీంతో కండ్లు కూడా బాగయితాయంట," అన్నాడు.

"ఎవరు చెప్పినారు?"

"ఇచ్చినాయనే చెప్పినాడు."

"అమ్మేవాడు అట్ల చెప్పక ఇంగెట్ల చెప్తాడు? నీ కొత్తిమీర నిన్నటిదని నువ్వు చెప్తావా?"

ఆయనకు మండింది. డబ్బా నా ముందుకు తోశాడు. "సరే, నీకు నీ ఎలుకలంటేనే గదా నమ్మకం? తీస్కపో. నీ ఎలుకలకు పెట్టు. షుగరు తగ్గకపోతే నేను నోరు మూసుకొని నీ ఎనక ఆసుపత్రికి వస్తా. తగ్గితే నువ్వు మళ్లీ కన్ను గిన్ను అని ఎత్తకూడదు. సరేనా?"

సరే అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ నన్ను నేను అడుగుతాను. ఆయన మాట ఇస్తే తప్పడు, ఆ ఒక్కటే ఆలోచించాను. పొడి పనిచెయ్యదని నాకు ధీమా. పనిచెయ్యదని ఎలుకే చెబితే ఆయన కదులుతాడు. డాక్టరు మాట, నా మాట, కొడుకు మాట వినని మనిషి. పందెంలో ఓడితే మాత్రం వస్తాడు. నాకు కావలసింది ఆయన్ను కంటి డాక్టరు ముందు కూర్చోబెట్టడం, అంతే.

ఎలుకల గదిలోకి బయటి తిండి పోకూడదు. చెప్పులు విడిచి, బట్టల మీద గౌను వేసుకొని, తలకు టోపీ, మూతికి మాస్కు, చేతికి తొడుగులు వేసుకొనే పోవాలి. నేను పొడిని కాగితంలో మడిచి తొడుగు లోపల అరచేతిలో పెట్టుకొని పోయాను. పన్నెండేళ్లు వాళ్ల మధ్య తిరిగిన దాన్ని. ఒక పెట్టెకు మందు పెడితే చాలదు, పక్కన ఉత్తది పెట్టిన పెట్టె ఒకటి ఉండాలని నాకు తెలుసు. అందుకని రెండు పెట్టెలు ఎంచుకున్నాను. రెండూ ఆ పాప షుగరు ఎలుకలవే, ఒక్కోదాంట్లో నాలుగు. ఒక పెట్టెలో మేత బిళ్లలు కొంచెం తడిపి పొడి అద్దాను. రెండోదాంట్లో బిళ్లలు అదే విధంగా తడిపి రాగిపిండి అద్దాను, చూడడానికి ఒకేలా ఉండాలని. ఏ పెట్టెకు ఏది పెట్టానో ఇంటి దగ్గర నోటుబుక్కులో రాసుకున్నాను. అక్షరాలు వచ్చినందుకు అప్పుడు నాలో నేను గర్వపడ్డాను కూడా. అది చెప్పకుండా దాస్తే అబద్ధమవుతుంది.

వారానికోసారి పాప తోక చివర నుంచి ఒక చుక్క రక్తం తీసి షుగరు చూసేది. ఎలుకను నేను పట్టుకునేదాన్ని. మొదటి వారం రెండు పెట్టెలూ ఒకేలా ఉన్నాయి. పందెం నాదే అనుకున్నాను. రెండో వారం పొడి పెట్టిన పెట్టెలో మూడింటికి అంకె దిగింది. మూడో వారం నాలుగింటికీ దిగింది. రాగిపిండి పెట్టెలో ఏ మార్పూ లేదు.

పాప అంకెలు చదువుతుంటే నా చెయ్యి బిగుసుకుంది. ఎలుక కిచకిచమంది.

"ఆంటీ, గట్టిగ పట్టుకున్నరు," అంది.

ఆ సాయంత్రం బస్సులో మడివాళ దాకా నిలబడే వచ్చాను, సీటు ఉన్నా కూర్చోలేదు. చెప్పకపోతే సరిపోతుంది గదా అనుకున్నాను. తగ్గలేదని ఒక్క మాట చెబితే ఆయన రేపే ఆసుపత్రిలో ఉంటాడు. కానీ ఆయన నా మొహం చూసి పెదవి మీద నవ్వు పెట్టుకొని, "ఏమాయె మే?" అన్నాడు. నాకు అబద్ధం నోటికి రాదు. చిన్నప్పటినుంచి రాదు, దానివల్ల నాకు ఎప్పుడూ మంచి జరగలేదు.

"తగ్గినాది," అన్నాను.

ఆయన వీధిలోకి వినబడేటట్టు నవ్వాడు. పక్కింటామెను పిలిచి చెప్పాడు. "మా ఇంటి ఆమె ఎలుకల మింద టెస్టు చేసినాది. నాటి మందు గెలిచినాది." మర్నాటినుంచి షుగరు మాత్రలు ఆపేశాడు. "ఎలుక ఏ మాత్రలు మింగి తగ్గించుకున్యాది? నాకెందుకు?" అన్నాడు. నేను అరిచాను, ఏడ్చాను. మాట మాటే అన్నాడు. తగ్గితే కన్ను ఎత్తకూడదని నేను ఒప్పుకున్నాను కదా. ఎత్తితే నేనే మాట తప్పినదాన్ని.

నాలుగో వారం పాప ఎలుకలను తూచింది. తూచి, మళ్లీ తూచింది. పొడి పెట్టిన పెట్టెలో నాలుగూ బాగా చిక్కిపోయాయి. ఆమె పెట్టె మూత ఎత్తి మేత గంపను వెలుతురుకు పట్టి చూసింది. బిళ్లల మీద పచ్చమట్టి రంగు పొడి. వేలితో తీసి వాసన చూసింది. పక్క పెట్టెలో రాగిపిండి దొరికింది.

"ఆంటీ, ఏంటిది?"

దాచే పని లేదు. అంతా చెప్పాను. మా ఆయన, కళ్లు, పందెం, నేరేడు గింజలు, రాగిపిండి.

ఆమె మేత గంప కింద పెట్టింది. స్టూలు మీద కూర్చుంది. తొడుగులున్న చేతులతోనే మొహం పట్టుకోబోయి ఆగింది.

"నన్నడిగితే అయిపోయేది గద ఆంటీ. నేను చెప్పేదాన్ని."

"నువ్వు చెప్తే ఆయన నమ్మడు పాపా. ఎలుక చెప్తే నమ్ముతాడనుకున్యా."

"ఎలుక ఏం చెప్పలేదు ఆంటీ. ఆ చేదుకు తినుడు బంద్ చేసినయ్. తినకపోతే షుగరు తగ్గుతది. ఎవరికైనా తగ్గుతది. ఆకలితో తగ్గింది అది, మందుతో కాదు."

అప్పుడు నాకు అర్థమయింది. రాగిపిండి తీపి కాదు గానీ చేదూ కాదు, అవి తిన్నాయి. చేదువి తినలేదు. ఎంత తిన్నాయో కూడా తూచి ఉండాల్సింది. అది నాకు తట్టలేదు. వాళ్ల పని పన్నెండేళ్లు చూశాను, సగమే నేర్చుకున్నాను.

ఆ ఎనిమిది ఎలుకలు ఆమె లెక్కలోనుంచి పోయాయి. వాటి కోసం ఆమె ఎన్ని నెలలు ఎదురుచూసిందో నాకు తెలుసు, రోజూ పొట్టు మార్చింది నేనే. దాచిపెట్టడానికి ఆమెకు హక్కు లేదు. గదికి పెద్ద ఒక పశువుల డాక్టరు, కన్నడ ఆయన. ఆయనకు చెప్పింది. చెప్పేముందు నా దగ్గరకు వచ్చి, "చెప్పక తప్పదు ఆంటీ," అని చెప్పింది. నేను చెప్పు పాపా అన్నాను. ఆయన అరవలేదు. నా వయసు చూశాడేమో, పనిలోనుంచి తీసెయ్యలేదు. ఎలుకల గదిలోకి పోవద్దని, సీసాలు కడిగే గదిలో ఉండమని అన్నాడు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను.

పందెం ఓడానో గెలిచానో ఇక అనవసరం. ఆయన మాత్రలు మళ్లీ మొదలుపెట్టాలి, కన్ను చూపించుకోవాలి. ఇంటికి వచ్చి చెప్పాను, ఆకలితో తగ్గిందని.

"ఓడినంక సాకులు చెప్తాండావు," అన్నాడు.

"సాకు కాదయ్యా. అవి బక్కచిక్కి చస్తాండాయి."

"నేను బక్కచిక్కినానా? చూడు. మూడు ముద్దలు తింటాండా."

ఇంకొన్ని రోజులకు పాప ఆ ఎలుకల కళ్లు తీసి చూసింది. తన లెక్కకు పనికిరాకపోయినా చూసింది, నా కోసం. నన్ను సీసాల గదిలోనుంచి పిలిపించింది. చేదుపొడి తిన్నవాటి కంటిపొర ఒక తెర మీద, రాగిపిండి తిన్నవాటిది ఇంకో తెర మీద. అక్కడా ఇక్కడా కాపలా కణాలు రాలిన ఖాళీలు ఉన్నాయి. ఏది ఏదో నేను చెప్పలేకపోయాను.

"సేమ్ ఆంటీ. ఏం తేడా లేదు. అంకుల్ కి చూపించండి," అని రెండు బొమ్మలూ కాగితం మీద తీసి ఇచ్చింది. "రమ్మనండి, నాకు తెలిసిన కంటి డాక్టర్ ఉన్నరు. నేనే తీస్కపోత." ఆమె పని అంత చెడగొట్టిన నాకోసం ఆమె ఈ మాట అంటుంటే నేను ఆమె మొహం చూడలేకపోయాను.

అంగడికే తీసుకుపోయి చూపించాను. ఆయన గోనెసంచి మీద కూర్చొని మెంతికూర విప్పుతున్నాడు. రెండు కాగితాలూ చేతిలోకి తీసుకొని, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు.

"ఏమిది, చెట్టు ఏర్లు మాదిరి ఉండాది?"

"ఎలుక కన్ను. ఈ ఎలుక నీ పొడే తిన్యాది. చూడు, ఈడ ఈడ ఖాళీ ఉండాది."

పక్క అంగడాయన, టమాటాలు అమ్మే ఆయన, మెడ చాచి చూసి, "అప్పా, నీ ఆస్తి పత్రాలా?" అన్నాడు. మా ఆయన నవ్వి కాగితాలు నాకు తిరిగి ఇచ్చాడు. "ఎలుక కన్నే అది. నా కన్ను ఇట్ల ఉండాదని నువ్వు చూసినావా?"

చూడలేదు. అదే కదా ఆయనకు చెబుతున్నది, చూద్దామని. ఆ మాట నోట్లోకి వచ్చేలోపల ఎవరో కరివేపాకు అడిగారు.

ఆ తర్వాత కొన్ని నెలలకు కట్టల్లో పసుపు ఆకులు కనబడడం మొదలైంది. నేను శెలవురోజు అంగడికి పోతే, ఎప్పుడూ కొనే ఆమె కట్ట తిప్పి తిప్పి చూసి, "ఏమప్పా, ఈ మధ్య ఏరకుండా కడ్తాండావు?" అంది. ఆయన ఏరానన్నాడు. నేను కట్ట తీసుకొని చూశాను. లోపల మూడు నాలుగు పండుటాకులు. వాటిని తీసేసి కట్ట ఆమెకు ఇచ్చాను. అక్కడే ఆయన్ను అంటే ఏమి లాభం? అయినా ఆ రాత్రి కన్ను సంగతి ఎత్తాను, మాట తప్పాను. ఆయన చెంబు విసిరేశాడు. నలభై ఏళ్లలో ఆయన నా ముందు ఒక వస్తువు విసరడం అదే మొదటిసారి. అప్పుడే నాకు తెలిసింది, ఆయనకూ తెలుసని.

ఇంకో ఏడాదికి ఒక పొద్దున, అంగడిలో నేనూ పక్కన కూర్చొని మూటలు విప్పుతూ ఉండగా, ఆయన కుడి కంటి ముందు చేత్తో ఏదో తోసినట్టు చేశాడు. మళ్లీ తోశాడు.

"ఏమయ్యా, ఈగనా?"

"దారం. నల్లదారం. పోలేదు."

నేను చూశాను, ఏమీ లేదు. ఆయన తల తిప్పినప్పుడల్లా ఆ దారం ఆయనతో పాటే తిరుగుతోందట. గంట సేపట్లో దారం పొగయింది. పొగ మసి అయింది. ఆయన కట్ట కడుతూనే ఉన్నాడు, ఎడమ కంటితో. పిడికిలి పట్టు మాత్రం తప్పలేదు. ఎండెక్కిన తర్వాత సంచి మీదనుంచి లేచి, నా భుజం మీద చెయ్యి వేసి, "పోదాం పా," అన్నాడు. ఇన్నేళ్లు నేను అడిగింది అదే మాట.

పాప తీసుకుపోతానన్న డాక్టరు దగ్గరికే పోయాం. పాప వచ్చింది. డాక్టరు వయసులో చిన్నది, ఓపికగా చూసింది. లైటు వేసి, పైకి చూడు, కిందికి చూడు, పక్కకు చూడు అని అరగంట. తర్వాత నాకు కన్నడంలో చెప్పింది, పాప మళ్లీ తెలుగులో చెప్పింది. కుడి కంటిలోపల నెత్తురు కారింది. అది తేలుతుందో లేదో కొన్నాళ్లు చూడాలి, లేకపోతే ఆపరేషను, అయినా ఇంత వస్తుందని చెప్పలేరు. ఎడమ కన్నులో కూడా కారే నాళాలు చాలా ఉన్నాయి. దానికి ఈరోజే లేజరు పెట్టాలి. పోయింది తేవడానికి కాదు, ఉన్నది నిలబెట్టడానికి.

"రెండేళ్ల ముందు వచ్చుంటే?" అని నేను అడిగాను. అడక్కూడని మాట అని తెలుసు.

డాక్టరు కాగితం మీద రాస్తూ, "ఇప్పుడు వచ్చారు కదా," అంది.

ఎడమ కంట్లో చుక్కలు వేసి హాల్లో కూర్చోమన్నారు. నల్లగుడ్డు పెద్దది కావాలి, అప్పుడే లోపల పని చేస్తారు. హాలునిండా మాలాంటివాళ్లే, కళ్లు మూసుకొని, పక్కన ఒకరు. చుక్కలు వేసేకొద్దీ ఎడమ కంటికీ మసకేసిందట. రెండూ మూసుకొని కుర్చీలో వెనక్కు ఆనుకున్నాడు. ఆయన చేతికి ఇంకా పుదీనా వాసన ఉంది.

"మే."

"ఊ."

"నీ ఎలుకల్లో, ఇట్ల నల్లగా కమ్ముకుంటాది గదా. తర్వాత ఏమయితాది వాటికి?"

ఎలుకల గురించి ఆయన ఎగతాళి లేకుండా అడగడం అదే మొదలు. పన్నెండేళ్లలో నా చేతుల మీదుగా ఎన్ని షుగరు ఎలుకలు పోయాయో చెప్పలేను. గీత మెల్లగా రావడం చూశాను. కాపలా కణాలు రాలడం చూశాను. గోడ కారడం మొదలయ్యేసరికి ఆ పరిశోధన పిల్లలకు కావలసింది దొరికేది. ఎలుకను గ్యాసు పెట్టెలో పెట్టేవాళ్లు, కళ్లు తీసేవాళ్లు. మొదట ఏం చెడుతుందో తెలుసుకోవడమే వాళ్ల పని. చూపు పోయేదాకా ఏ ఎలుకనూ మేం ఉంచలేదు. నల్లగా కమ్ముకున్న ఎలుక ఎట్లా నడుస్తుందో, నీళ్ల సీసా ఎట్లా వెతుక్కుంటుందో నేను ఒక్కనాడూ చూడలేదు.

"తెలీదప్పా," అన్నాను.

"పన్నెండేండ్లు ఏం చూసినావు మరి?"

"మొదలు చూసినా. అంతవరకే చూస్తారు ఆడ."

ఆయన కళ్లు మూసుకొనే తల ఊపాడు. ఊపి, నా చెయ్యి ఎక్కడుందో తడిమి పట్టుకున్నాడు. పాప అవతల కిటికీ దగ్గర నిలబడి మావైపు చూడకుండా ఫోను చూసుకుంటోంది.

నర్సు పిలిచింది. ఆయన లేచి తలుపువైపు కాకుండా గోడవైపు అడుగు వేశాడు. నేను పట్టి తిప్పాను. లోపలికి పేషెంటు ఒక్కరే రావాలన్నారు. తలుపు పూర్తిగా పడలేదు, సందులోనుంచి పచ్చటి వెలుతురు వచ్చి పోతోంది. లోపల ఎవరో కుర్రగొంతు, "కదలకూడదు తాతా, గడ్డం ఇక్కడ ఆనించు, నేరుగా చూడు, నేరుగా," అని చెబుతోంది.

"చూస్తానే ఉండా గదప్పా," అన్నాడు మా ఆయన.